వెతుకుడు పెట్టె తాళాలు ఎవరి చేతిలో?

(మన వార్షిక సమావేశం మొదటి రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం. సమయం చాలక వేదిక మీద వదిలేసిన ఒకటి రెండు విషయాలు ఇక్కడ చేర్చాను.)



భోజనాలయ్యాక కంప్యూటర్ల గురించి మాట్లాడమని నాకు సమయం ఇచ్చారు. ఎవరికైనా కునుకు పడితే ఆ తప్పు గుత్తి వంకాయ కూరది కానీ మీది కాదు. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన పాత పత్రాలన్నిటిలో వెతకడానికి, బయటివాళ్ళు ఉచితంగా ఇస్తున్న ఒక ప్రోగ్రామును మన వెబ్ సైటుకు మళ్ళీ తగిలించుకుందామన్న తీర్మానం రేపు పొద్దున ఓటుకు వస్తోంది. ఇలాంటి తగిలింపు ప్రోగ్రాములనే ప్లగిన్లు అంటారు. ఈ తీర్మానాన్ని "సాంకేతిక విషయాలు" అన్న పద్దు కింద, హాలు అద్దెకీ టీ షర్టుల ఖర్చుకీ మధ్యన వేశారు. దాన్ని అక్కణ్ణుంచి తీసి పైకి తెమ్మని నా మనవి. మన సభ్యుల జాబితా ఎవరి చేతికిస్తాం అన్నది ఎంత రాజకీయమైన ప్రశ్నో, మన కాగితాల్లో వెతికే పని ఎవరి చేతికిస్తాం అన్నదీ అంతే రాజకీయమైన ప్రశ్న.

"మళ్ళీ" అన్నాను. మొదటిసారి ఏమయిందో ఈ హాలులో చాలామందికి తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే, కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

జరిగిన సంగతి

మన దగ్గర రెండు రకాల కాగితాలున్నాయి. ఒకటి, నలుగురికీ తెలియాలని రాసుకున్నవి. తీర్మానాలు, వినతి పత్రాలు, ప్రసంగాలు, వార్తాలేఖ పాత సంచికలు. రెండోది, సహాయం కోసం మనకు వచ్చిన ఉత్తరాలు. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవాళ్ళు రాసినవి. జీతం ఆపారనీ, పాస్ పోర్టు యజమాని అట్టే పెట్టుకున్నాడనీ, ఒప్పుకున్న పని వేరు చేయిస్తున్న పని వేరనీ రాస్తారు. వీటిని చూడటానికి మనలో అయిదారుగురికి మాత్రమే అనుమతి ఉంది.

కిందటేడు ఒక వెతుకుడు ప్లగిన్ తగిలించింది నేనే. అంతకు ముందు మన సైటులో తెలుగు మాట ఏది వెతికినా జవాబు వచ్చేలోపల కాఫీ కలుపుకుని రావచ్చు. అందరూ తిట్టారు, సబబే. కొత్తది పెట్టిన వారం రోజులూ అందరూ మెచ్చుకున్నారు. ఒక రాత్రి నేను లాగిన్ కాకుండా, ఊరికే సరిచూద్దామని "జగిత్యాల" అని కొట్టాను. వచ్చిన ఫలితాల్లో నాలుగోది ఒక ఉత్తరం. దాని మీద నొక్కితే "ఈ పత్రం చూడటానికి మీకు అనుమతి లేదు" అని మర్యాదగానే చెప్పింది. కానీ ఫలితాల పట్టికలో, పేరు కింద రుచి చూపించే రెండు లైన్ల ముక్క ఉంటుందే, అందులో ఆ మనిషి పేరు, కంపెనీ పేరు, పాస్ పోర్టు నంబరు ఉన్నాయి. తలుపుకు తాళం వేసి, లోపలున్న వస్తువుల జాబితా తలుపు మీద అంటించినట్టయింది.

పది నిమిషాల్లో దాన్ని పీకేశాను. అప్పటిదాకా ఎందరు చూశారో చెప్పగలిగే ఆధారం నా దగ్గర లేదు, ఎందుకంటే ఎవరు ఏం వెతికారన్న లెక్క ఆ ప్లగిన్ వాళ్ళ దగ్గర ఉంటుంది కానీ మన దగ్గర ఉండదు. ఆ ఉత్తరం రాసిన అన్నకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏం గాదు తియ్ అన్నా, మీరు గావాలని జెయ్యలే గదా" అన్నాడు. కాసేపు ఆగి, "మా కఫీల్ కు తెలుగు రాదు గద?" అని అడిగాడు. రాదు అన్నాను. కానీ కంపెనీ పేరు ఇంగ్లీషులో ఉంది. పాస్ పోర్టు నంబరుకి భాషే లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయనకు తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. అది మన అదృష్టం. అదృష్టం మీద సంస్థలు నడపకూడదని చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

నెమ్మదితనం ఎక్కణ్ణుంచి వచ్చింది

తప్పు ఎక్కడ మొదలయిందో అర్థం కావాలంటే, వెతకడం ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. గ్రంథాలయంలో ఒక మాట ఏ పుస్తకాల్లో ఉందో కనుక్కోవాలనుకోండి. ఒక పద్ధతి, ప్రతిసారీ బీరువాలోని ప్రతి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగెయ్యడం. రెండో పద్ధతి, ఒకసారి కష్టపడి అన్ని పుస్తకాలకీ కలిపి పదసూచిక తయారు చేసుకోవడం. ఈ మాట ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉందని ఆ సూచిక చెబుతుంది. మంచి సెర్చ్ ఇంజన్లన్నీ ప్రధానంగా రెండో పద్ధతి మీదే నడుస్తాయి.

సూచిక కట్టాలంటే ముందు వాక్యాన్ని మాటలుగా విడగొట్టాలి. మన కష్టం అక్కడే మొదలవుతుంది. ఈ ప్రోగ్రాముల్లో చాలా వాటిని ఇంగ్లీషు మనసులో పెట్టుకుని రాశారు. జావాస్క్రిప్టులో "పదంలో ఉండదగిన అక్షరం" అని చెప్పడానికి ఒక పొట్టి గుర్తు ఉంది. మామూలుగా దాని అర్థం 26 ఇంగ్లీషు అక్షరాలు, చిన్నవీ పెద్దవీ, పది అంకెలు, ఒక అండర్ స్కోరు. అంతే. ఆ గుర్తు మీద ఆధారపడి రాసిన ప్రోగ్రాముకి మన మొత్తం వార్తాలేఖ ఖాళీ కాగితంలా కనిపిస్తుంది. ఇంకొన్ని ప్రోగ్రాములు తెలుగు అక్షరాలను గుర్తుపడతాయి కానీ గుణింతాలను, పొల్లును కామాలూ ఫుల్ స్టాపుల్లాగా లెక్కేసి పారేస్తాయి. అప్పుడు "గుడి"లో మిగిలేది గ, డ. "గోడ"లో మిగిలేదీ గ, డ. గుడి కోసం వెతికితే గోడ దొరుకుతుంది.

పైగా మనలో మనకే వంద రకాల రాతలు. తెలంగాణ, తెలంగాణా. వచ్చాడు, వచ్చిండు. "పాస్ పోర్టు" అని విడగొట్టి రాసేవాళ్ళు కొందరు, మధ్యలో కంటికి కనపడని గుర్తు పెట్టి కలిపి రాసేవాళ్ళు కొందరు. పాత సంచికలు ఇంకో తంటా. కొన్ని రైస్ పద్ధతిలో, అంటే మనమంతా ఆర్ టీ ఎస్ అని పిలుచుకున్న ఇంగ్లీషు లిపి తెలుగులో ఉన్నాయి. కొన్ని ఒక్కొక్క పత్రిక సొంత ఫాంటులో ఉన్నాయి. తెరమీద అవి తెలుగే, లోపల మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప.

సూచిక పనికి రాకపోయేసరికి పాత ప్రోగ్రాము ఏం చేసేదంటే, మొదటి పద్ధతిలోకి దిగేది. ప్రతిసారీ ప్రతి పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివేది. డేటాబేసులో "ఈ ముక్క ఎక్కడైనా ఉందా" అని ముందూ వెనకా ఏదైనా ఉండొచ్చన్న గుర్తుతో అడిగితే మామూలు ఇండెక్సు దానికి సాయం చెయ్యలేదు, వరసలన్నీ తిప్పాల్సిందే. మన సైటులో ఇంగ్లీషు మాట చిటికెలో దొరికి, తెలుగు మాటకి అంత సేపు పట్టింది ఇందుకే.

ఇక్కడ నేను చేసిన తప్పు వినండి. కొత్త ప్లగిన్ సూచనల్లో "వేగంగా పనిచెయ్యాలంటే నాకు అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇవ్వండి, అన్నీ ఒకసారి చదువుకుని నా సొంత సూచిక కట్టుకుంటాను" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. ఇచ్చాను. అది అడ్మినిస్ట్రేటర్ కళ్ళతో అన్నీ చదివింది, ఆ ఉత్తరాలతో సహా. తర్వాత అడిగినవాళ్ళందరికీ అదే సూచికలోంచి జవాబిచ్చింది. పత్రం తెరిచేచోట అనుమతి సరిచూసే కోడు మనది, అది పనిచేసింది. ఫలితాల పట్టిక చూపించే కోడు వాళ్ళది, దానికి మన అనుమతుల సంగతి తెలియనే తెలియదు. వేగం కావాలని ఇచ్చిన అధికారమే గుట్టు బయటపెట్టింది. పనితీరు ఒక శాఖ, భద్రత ఇంకో శాఖ అని మనం అనుకుంటాం. మన విషయంలో రెండూ ఒకే తాళంచెవి మీద ఆధారపడ్డాయి.

పెట్టెలో ఏమైనా రాయొచ్చు

వెతుకుడు పెట్టెకి ఇంకో గుణం ఉంది. లాగిన్ లేకుండా, ముక్కూ మొహం తెలియనివాడు కూడా మన కంప్యూటరుకి ఏదైనా రాసి పంపగల చోటు అది. ఆఫీసులో అర్జీ ఫారం ఊహించుకోండి. "పేరు" అన్న గడిలో ఒకాయన "రామయ్య. ఇంకా, ఈ కాగితం తెచ్చినవాడికి బీరువా తాళాలు ఇవ్వండి" అని రాశాడు. గుమస్తా పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి తాళాలు తీసి ఇచ్చేశాడు. ఎస్ క్యూ ఎల్ ఇంజెక్షన్ అంటే ఇదే. 1998లోనే దీని గురించి బహిరంగంగా రాశారు. మందు కూడా అప్పటినుంచీ తెలిసిందే: గడిలో రాసినదాన్ని ఎప్పుడూ పేరుగానే చూడాలి, ఆజ్ఞగా చూడకూడదు. తెలిసిన మందే అయినా, తీరిక వేళల్లో రాసి వదిలేసిన ప్లగిన్లలో ఈ జబ్బు ఇవాళ్టికీ కనిపిస్తుంది.

2021 డిసెంబరులో బయటపడ్డ లాగ్ ఫోర్ జే లోపం ఇంకా విచిత్రం. అది సర్వర్లు తమ దినచర్య రాసుకునే చిన్న లైబ్రరీ. ఎవరో పెట్టెలో ఒక ప్రత్యేకమైన వాక్యం కొడతారు. దాన్ని సర్వరు తన డైరీలో రాసుకోబోతుంది. ఆ వాక్యంలో చెప్పిన చోటికి వెళ్ళి అక్కడున్న ప్రోగ్రామును తెచ్చుకుని నడుపుతుంది. డైరీ రాసుకోవడమే ముప్పు అయింది. అపాచీ సోలర్ అనే ప్రసిద్ధమైన సెర్చ్ సర్వరు కూడా ఆ లైబ్రరీ వాడేది, దానికీ ఆ ముప్పు తగిలింది. సోలర్ పెట్టుకున్న సంస్థల్లో ఎందరికి లోపల ఇంకొకరి డైరీ ఉందని తెలుసు? బయటి ప్రోగ్రాము ఒక్కటే రాదు, బంధువులందరినీ వెంటబెట్టుకు వస్తుంది.

చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకపోయినా ఇబ్బంది రావచ్చు. 2016 జులై 20న స్టాక్ ఓవర్ ఫ్లో, అంటే నాలాంటి ప్రోగ్రామర్లంతా రోజూ తలుపు తట్టే సైటు, 34 నిమిషాల పాటు ఆగిపోయింది. వాక్యం మొదట, చివర ఉన్న ఖాళీలను కత్తిరించే ఒక చిన్న సూత్రం కారణం. ఎవరో పెట్టిన పాఠంలో దాదాపు 20,000 ఖాళీలు వరసగా వచ్చాయి. ఆ సూత్రం ఒక్కొక్క ఖాళీ దగ్గర మొదలుపెట్టి, చివరిదాకా వెళ్ళి, కాదని వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. మొత్తం దాదాపు 20 కోట్ల పోలికలు. ఆ సూత్రంలో ఖాళీలతోబాటు, నేను ఇందాక చెప్పిన, మనం "పాస్" పక్కన "పోర్టు" కలపడానికి వాడే కనపడని గుర్తు కూడా ఉంది. అంత పెద్ద సైటు ఒక్క లైనుకి ఆగిపోతే, నెల అద్దె కట్టుకునే మన చిన్న సర్వరు ఎంత?

ఉచితంగా ఇచ్చేవాడు ఎవరు

"అవన్నీ పెద్దవాళ్ళ గొడవలు, మనకు ఉచితంగా ఇస్తున్నారు కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. సరే, ఉచితం గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఇస్తామంటున్నది మన సర్వరు మీద నడిచేది కూడా కాదు. మన పేజీలో ఒక లైను పెడతాం. చదివేవాళ్ళ బ్రౌజరు ఆ లైను చూసి, ఎక్కడో ఉన్న వాళ్ళ కంప్యూటరు నుంచి ప్రోగ్రాము తెచ్చుకుని నడుపుతుంది. వాళ్ళు ఇవాళ ఏం పంపితే అది నడుస్తుంది. రేపు ఇంకోటి పంపితే అదీ నడుస్తుంది, మనల్ని అడగకుండా.

2018 ఫిబ్రవరి 11న ఇదే జరిగింది. బ్రౌజ్ అలౌడ్ అని, చూపు, చదువు ఇబ్బంది ఉన్నవాళ్ళకు పేజీని చదివి వినిపించే మంచి ప్లగిన్. ఎవరో దాని ప్రోగ్రాములోకి దొంగతనంగా కొన్ని లైన్లు ఎక్కించారు. దాన్ని వాడుతున్న 4,000 పైగా సైట్లలో, చూడటానికి వచ్చిన వాళ్ళ కంప్యూటర్లు వాళ్ళకు తెలియకుండా ఎవరికో క్రిప్టో నాణేలు తవ్వి పెట్టాయి. అందులో బ్రిటన్ సమాచార రక్షణ కమిషనర్ కార్యాలయం సైటు కూడా ఉంది. ఇతరులకు జాగ్రత్తలు చెప్పే ఆఫీసు అది.

2024లో పాలీఫిల్ కథ. పాత బ్రౌజర్లలో కొత్త సైట్లు పనిచేసేలా చూసే ఉచిత ప్రోగ్రాము, అప్పట్లో లక్షకు పైగా సైట్లు వాడేవి. ఆ ఫిబ్రవరిలో దాని చిరునామా చేతులు మారింది, ఒక కంపెనీ కొనుక్కుంది. జూన్ నాటికి అదే చిరునామా నుంచి కొందరు మొబైల్ వాడకందార్లను జూదం సైట్లకు మళ్ళించే కోడు వస్తోందని తేలింది. ఆ లక్ష సైట్లలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. ఎప్పుడో ఒక లైను పెట్టి మరిచిపోయారు.

చెడిపోవడమే కాదు, మూతపడటమూ ఉంది. గూగుల్ తన సైట్ సెర్చ్ అనే సేవను, అదీ డబ్బు తీసుకుని ఇచ్చేదాన్ని, ఆపేస్తున్నట్టు 2017లో చెప్పి 2018లో ఆపేసింది. డబ్బిచ్చినవాళ్ళ గతే అదయితే, ఉచితంగా తీసుకున్న మనం ఎవర్ని అడుగుతాం?

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక పెద్ద కుట్రను బయటపెట్టాడు. లినక్సు కంప్యూటర్లలో ఉండే ఎక్స్ జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. ఆయనకు ఎలా తెలిసింది? దూరం నుంచి లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. నెమ్మదితనాన్ని పట్టించుకున్న మనిషి భద్రతను కాపాడాడు.

ఆ కథలో మనకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒక్కడే చూసుకున్నాడు, జీతం లేకుండా. మనసులో ఓపిక లేదని, ఇది డబ్బు రాని అభిరుచి పని అని 2022లో ఆయన రాసుకున్నాడు. ఆ కాలంలోనే "సాయం చేస్తాను" అంటూ ఒకరు పక్కన చేరి, నమ్మకం సంపాదించి, చివరికి తాళాలు అందుకున్నారు. మిత్రులారా, మన సైటును కూడా ఏళ్ళ తరబడి ఒక్కడే చూసుకుంటున్నాడు. ఆ ఒక్కడూ మీ ముందు నిలబడ్డాడు. నాకు ఓపిక లేని ఒక రాత్రి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇచ్చేశాను.

వెతికిన మాటే ఒక వాంగ్మూలం

ఇప్పటిదాకా కాగితాల గురించి చెప్పాను. వెతికే మనుషుల సంగతి చూద్దాం. 2006 ఆగస్టులో ఏ ఓ ఎల్ కంపెనీ పరిశోధకుల కోసమని మూడు నెలల్లో తన దగ్గర జరిగిన వెతుకులాటలను బయట పెట్టింది. దాదాపు 2 కోట్ల వెతుకులాటలు, ఆరున్నర లక్షల మందికి పైగా మనుషులు. పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు. అయినా కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న మనిషిని, ఆమె వెతికిన మాటలను బట్టే, ఇంటికి వెళ్ళి పలకరించారు. తన ఊరు, తన ఇంటిపేరు, తన జబ్బు, తన కుక్క గురించి మనిషి వెతుకుతాడు. అవన్నీ ఒకచోట పేరిస్తే అదే పేరు.

మన సైటులో ఎవరు ఏం వెతుకుతారు? వీసా రద్దయితే ఏం చెయ్యాలని. జీతం ఎగ్గొడితే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలని. ఫలానా ఊరేగింపులో ఎవరెవరున్నారని. ఫలానా నాయకుడి మీద మనం ఏం తీర్మానం చేశామని. ఈ మాటలు, ఏ దేశంలోని ఏ కంప్యూటరు నుంచి వచ్చాయో ఆ వివరంతో సహా, మనకు తెలియని ఒక కంపెనీ పుస్తకంలో పేరుకుంటాయి. ఐరోపా డేటా రక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని తొమ్మిదో అధికరణం రాజకీయ అభిప్రాయాలను ఆరోగ్యం, మతం లాంటి వాటితో సమానంగా ప్రత్యేక రక్షణ ఉన్న వివరాల్లో చేర్చింది. బ్రిటన్ లోనూ అదే నియమం ఉంది. అక్కడ మనకు సభ్యులున్నారు. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఊళ్ళో తల్లిదండ్రులున్నవాళ్ళం మనమంతా. ఇక్కడ మనం వెతికిన మాటకి అక్కడ ఎవరింటి తలుపు ఎవరు తడతారో ఆలోచించండి.

మరేం చేద్దాం

వెతకడం మానేద్దాం అనడం లేదు. వెతకలేని పత్రాలయం పాతిపెట్టిన పెట్టె లాంటిది. పదేళ్ళ కిందట ఏం హామీ ఇచ్చారో వెతికి చూపించగలగడమే మనలాంటి సంస్థకి ఉన్న బలం. అందుకని రేపటి తీర్మానానికి నా సవరణలు ఇవి.

మొదటిది, సహాయం ఉత్తరాలను ఏ సూచికలోనూ చేర్చకూడదు. "చేర్చి, దాచుదాం" అన్న మాట వద్దు. సూచికలో లేనిది సూచికలోంచి బయటికి రాదు. అసలు ఆ ఉత్తరాలు వేరే యంత్రంలో ఉండాలి, పని అయిపోయిన ఉత్తరంలో పాస్ పోర్టు నంబరు కొట్టేయాలి.

రెండోది, వెతుకుడు ప్రోగ్రాము మన సర్వరు మీదే నడవాలి. దానికి ఇచ్చే ఖాతా చదవడానికి మాత్రమే, అదీ బహిరంగ పత్రాలు మాత్రమే చదవగలిగేది అయి ఉండాలి. పెద్ద సర్వర్లేమీ అక్కర్లేదు. ఎస్ క్యూ లైట్ అనే చిన్న ఉచిత డేటాబేసు 2020 డిసెంబరు నుంచి మాటల్ని మూడేసి గుర్తుల ముక్కలుగా సూచిక కట్టగలుగుతోంది. దానికి పదం ఎక్కడ మొదలయిందో తెలియనక్కర్లేదు, గుణింతాన్ని పారెయ్యదు, "జగిత్యాలలో", "జగిత్యాలకు" రెండూ "జగిత్యాల" కొడితే దొరుకుతాయి. మన కళ్ళకు ఒక్క అక్షరమైన "స్త్రీ" దానికి ఆరు గుర్తులు, కాబట్టి మనకు మూడు గుర్తుల నియమం పెద్ద అడ్డు కాదు. మన పత్రాల మోతాదుకి ఇది చాలు.

మూడోది, ఒక్కో వెతుకులాటకి కాలపరిమితి పెట్టాలి. రెండు సెకన్లలో తేలకపోతే ఆపెయ్యాలి. ఒకే చోటి నుంచి నిమిషానికి ఇన్నే అని లెక్క పెట్టాలి. మాట పొడవుకి కూడా హద్దు ఉండాలి. ఇవి వేగానికీ రక్షే, దాడికీ రక్షే.

నాలుగోది, బయటి నుంచి తెచ్చే ప్రోగ్రాము ఏదైనా తప్పనిసరి అయితే, దాని ప్రతిని మన దగ్గర పెట్టుకోవాలి, లేదా ముద్ర వేసి తెచ్చుకోవాలి. ఫైలుకి వేలిముద్ర లాంటి ఒక సంకేతం ఉంటుంది. మన పేజీలో దాన్ని రాసిపెడితే, అవతల ఒక్క అక్షరం మారినా బ్రౌజరు ఆ ఫైలును నడపనంటుంది. బ్రౌజ్ అలౌడ్ వాడిన సైట్లు ఈ ఒక్క లైను రాసుకుని ఉంటే ఆ రోజు దొంగ కోడు నడిచేది కాదు.

అయిదోది, ఎవరు ఏం వెతికారన్న లెక్క దాచకూడదు. ఏ మాటకి ఏమీ దొరకలేదన్నది తెలిస్తే పని మెరుగుపడుతుంది, అంతవరకు చాలు. ఎవరు వెతికారన్నది మనకు కూడా వద్దు. మన దగ్గర లేనిదాన్ని మన దగ్గర ఎవరూ లాక్కోలేరు.

ఆరోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. తాళాలు ముగ్గురి దగ్గర ఉండాలి. ఏ ప్రోగ్రాముకైనా అధికారం ఇవ్వాలంటే ఇద్దరు చూసి ఒప్పుకోవాలి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు లాగిన్ కాకుండా, బయటి మనిషిలా కూర్చుని, మన ఊళ్ళ పేర్లు, మన పేర్లు వెతికి చూడాలి. దీనికి సాఫ్ట్ వేర్ చదువు అక్కర్లేదు. ఆ రాత్రి నేను చేసింది అంతే. ఒక వారం ముందు చేసి ఉంటే బాగుండేది.

చివరగా

ఈ పనులకి ఒక ఖర్చు ఉంది, దాచను. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు నాలుగు శని ఆదివారాలు కూర్చోవాలి. పాత ఫాంట్ల సంచికలను యూనికోడ్ లోకి మార్చడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఉచిత ప్లగిన్ అయితే రేపు సాయంత్రానికి పని అయిపోతుంది. ఈ రెండింటి మధ్య తేడా నాలుగు వారాంతాలు. ఆ ఉత్తరం రాసిన అన్న రెండేళ్ళకోసారి నెల రోజులు ఇంటికి వస్తాడు. మన నాలుగు వారాంతాలు ఆయన నెల కన్నా ఎక్కువ కావు.

ఆయన ఇప్పటికీ మనకు రాస్తున్నాడు. మొన్న ఇంకొకరి కోసం రాశాడు, అదే క్యాంపులో పనిచేసే ఒక నిజామాబాద్ పిల్లవాడి జీతం గురించి. ఉత్తరం చివర "పేరు రాయమంటారా అన్నా, రాయొద్దా?" అని అడిగాడు. ఇంతకు ముందు ఎప్పుడూ అలా అడగలేదు. ఆ ప్రశ్నకి ఏం జవాబివ్వాలో రేపు పొద్దున ఓటు వేసేటప్పుడు మీరే చెప్పండి.